మహారాజశ్రీ మోటివేషన్ గారికి

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ నా పొట్టా క్షేమం. పొట్ట నాకన్నా కాస్త ఎక్కువ క్షేమం.

మీ రాకపోకల వేళల గురించే ఈ ఉత్తరం. మీరెప్పుడూ రాత్రి పదకొండు దాటాకే వస్తారు. నేను మంచం మీద వాలి ఎవరో కండల వీరుడి వీడియో చూస్తుంటే, పక్కన చేరి 'రేపటి నుంచి ఐదున్నరకే' అని ఒట్టు వేయిస్తారు. అలారం కూడా దగ్గరుండి పెట్టిస్తారు. తెల్లారి అది మోగేసరికి గదిలో నేనూ దుప్పటీ తప్ప ఎవరూ ఉండరు. దుప్పటి మాత్రం నన్ను ఏనాడూ వదిలి పోలేదు.

బూట్లు మీ మాట మీదే కొన్నాను. ట్రెడ్‌మిల్ కూడా. దాని పుట్టుక గురించి ఈమధ్యే తెలిసింది. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంజినీరు ఇంగ్లండ్ జైళ్ల కోసం తొక్కుడు చక్రం రూపొందించాడట. ఖైదీలు గంటల తరబడి దాని మెట్లు ఎక్కుతూనే ఉండేవాళ్లు, ఒక్క మెట్టు పైకి చేరేవాళ్లు కాదు. అయినా మానేసినవాడు లేడు. వాళ్ల వెనక నిలబడింది మీరు కాదు కదా, జైలరు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంటోంది. మీ కోసం ఎదురుచూసిన నిమిషాలు కూడా కలుపుకోనిస్తే ఈపాటికి నాకు పతకం వచ్చుండేది.

లండన్‌లో కొందరు పరిశోధకులు 96 మంది మీద ఓ అధ్యయనం చేసి, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పడుతుందని తేల్చారు. కొందరికి 18 రోజులు చాలు, కొందరికి 254 దాకా పట్టొచ్చు. మీ సర్వీసు మూడు రోజులు. నాలుగో రోజు వర్షం, ఐదో రోజు మోకాలు, ఆరో రోజు నాకే గుర్తులేదు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా ఆ అధ్యయనంలోనే ఉంది. అది చదివి ఎంత హాయిగా అనిపించిందో! ఆ ఒక్క రోజు నాకు నాలుగు నెలలుగా నడుస్తోంది.

మొన్న మాత్రం ఒక తమాషా జరిగింది. లిఫ్టు పాడై, మీరు లేకుండానే తిట్టుకుంటూ మెట్లు దిగాను. దిగినవాణ్ణి మళ్లీ అన్ని మెట్లూ ఎక్కే ఓపిక లేక, అది బాగయ్యేదాకా వీధిలో నడిచాను. పది నిమిషాలయ్యాక మలుపు దగ్గర ఎవరో ఎగశ్వాసతో వచ్చి కలిశారు. చూస్తే మీరే! 'చూశావా, నేను చెప్పలేదూ' అన్నారు. ఇంటికి రాగానే నాకన్నా ముందు అద్దం ముందు నిలబడి భుజాలు చూసుకున్నది కూడా మీరే.

నిన్న రాత్రి పదకొండుకు డంబెల్స్ ఆఫర్ పట్టుకుని మళ్లీ వచ్చారు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి అటు తిరిగి పడుకున్నాను. ఏమీ అనుకోకండి. పని ఉంటే ఉదయం ఆ మలుపు దగ్గరకే రండి.

ఇట్లు,
తమ పాత బాకీదారు
(బూట్లు ఇంకా కొత్తవే)