శ్రీయుత రెసిడ్యువల్ స్ట్రెస్ గారి దివ్య సముఖానికి

అయ్యా,

పైన బరువు లేకపోయినా మిగులు ఒత్తిడిగా ఇనుములో కాపురం పెట్టి, అద్దె లేకుండా బతికే తమకు నమస్కారం. నేను విజయనగరంలో ఓ ఫ్యాబ్రికేషన్ షెడ్డులో డిజైన్ చూసేవాణ్ణి.

మొన్న పంపు కిందకి బేస్ ఫ్రేము చేశాం. కంప్యూటర్లో మోడల్ గీశాను, దాన్ని ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా కోసి మెష్ వేశాను, పంపు బరువు పెట్టాను. తెరంతా చల్లటి నీలం, అంటే ఒత్తిడి తక్కువేనని. వెల్డింగ్ చేసి మిల్లింగ్‌కి పంపాం. పైన మూడు మిల్లీమీటర్లు చెక్కి క్లాంపులు విప్పగానే, నిద్ర లేచినట్టు ఫ్రేము నడుము ఎత్తింది. స్కేలు ఆనించి చూస్తే కింద నుంచి వెలుతురు.

"లాగెస్తాదని ముందే సెప్పినాను కద బాబూ," అన్నాడు వెల్డింగ్ మేస్త్రి. ఆయన దగ్గర ఏ సాఫ్ట్‌వేరూ లేదు.

తప్పు నాదే. మోడల్‌లో ప్రతి ఎలిమెంటూ సున్నా స్ట్రెస్‌తో పసికందులా పుడుతుంది. రోలింగ్‌లో నలిగి, గ్యాస్ కటింగ్‌లో కాలి, వెల్డింగ్‌లో కరిగిన ప్లేటుకి నేనిచ్చిన సత్ప్రవర్తన సర్టిఫికెట్ అది. 250 ఎంపీఏ ఒత్తిడి దాకా ఓర్చుకునే మామూలు స్టీలు కడ్డీని పొడవునా సాగకుండా బిగించి వేడిచేస్తే, సుమారు 100 డిగ్రీలు పెరిగేసరికే యీల్డ్ అవుతుంది, అంటే మళ్లీ పాత రూపానికి రానంతగా లొంగిపోతుంది. మేము 1,500 దాకా తీసుకెళ్లాం! వెల్డు చల్లారుతూ ముడుచుకోబోతే పక్క ప్లేటు ఒప్పుకోదు. వెల్డులో లాగుడు, పక్కన నొక్కుడు. రెండూ కూడితే సున్నా. ఆడిటర్లు కూడా మెచ్చే లెక్క. ఒక పొర చెక్కేసరికి ఆ లెక్క చెడింది.

సరే, ఈసారి మర్యాదగా పిలిచాను. ముందు వేడి లెక్క, వెల్డింగ్ వేడిని రెండు సగం గుడ్ల ఆకారంలో లెక్కకట్టే, 1984 నాటి గోల్డాక్ గారి డబుల్ ఎలిప్సాయిడ్ మంటతో. వెల్డు పడేకొద్దీ ఎలిమెంట్లను బతికించడం (లెక్కలోకి తేవడం), ఆ వేడిని స్ట్రెస్ లెక్కకి అందించడం, చివర్లో చెక్కిన పొరని చంపడం (లెక్కలోంచి తీసేయడం). తెల్లవారుజామున మూడింటికి 'కన్వర్జ్ కాలేదు', అంటే లెక్క ఓ కొలిక్కి రాలేదు, అని వచ్చింది. తర్వాత కరెంటు పోయింది.

తమరు చెడ్డవారని కాదు. గజపతినగరం వైపు మా తాతగారి ఊళ్లో కమ్మరి, బండి చక్రం కన్నా కాస్త చిన్నగా ఇనుప పట్టా చేసి, ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు కుమ్మరించేవాడు. చుయ్‌మని ఆవిరి లేచేది, చెక్కలన్నీ కిర్రుమంటూ దగ్గరికొచ్చేవి. అక్కడ తమ పట్టు వల్లే బండి నడిచింది.

రెండో ఫ్రేము మొదలైంది. టాకాలు (ముక్కల్ని ముందుగా పట్టి ఉంచే చిన్న వెల్డులు) మేస్త్రి చెప్పిన వరసలోనే. మిల్లింగ్‌కి ముందే 600 డిగ్రీల ఫర్నేసుకి పంపుతున్నాం. అక్కడ చాలావరకు దిగిపోగలరు. పూర్తిగా దిగరని తెలుసు. మిగిలినదెంతో చెబితే ఈసారి ఇనిషియల్ స్ట్రెస్ గడిలో సున్నా కొట్టేసి రాసుకుంటాను.

ఇట్లు,
తమ విధేయుడు