లీటరుకు రెండు గ్రాములు: రేడియో ప్రసంగం గారికి బహిరంగ లేఖ

శ్రీయుత రేడియో ప్రసంగం గారికి,

హైదరాబాద్, చిక్కడపల్లి నుంచి ఒక శ్రోత నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగను. నిజాం కాలంలో దక్కన్ రేడియోలో గొంతు సవరించుకుని, 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియో కుటుంబంలో కలిసి, నేటి వరకు ఒక్కసారైనా స్వరం పెంచని వారు మీరు. అలాంటి వారికి రక్తపోటు రాదు.

ఉత్తరం ఎవరికి రాస్తున్నానో ముందే స్పష్టం చేయాలి. పాటలకు కాదు, నాటికలకు కాదు, వార్తలకు అంతకన్నా కాదు. వాటి మధ్య ఖాళీల్లో కూర్చుని, కాగితం చూస్తూ పది నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయే మీకే. మొన్నొక సెలవు రోజున తెల్లవారింది మొదలు రాత్రి పడుకునే దాకా మిమ్మల్నే విన్నాను. ఏ కేంద్రంలో అని అడగకండి. ముల్లు ఏ అంకె మీద నిలిచినా మీరు ఒక్కరే. ఇంట్లో వాళ్లు నన్ను వైద్యుడికి చూపిద్దామన్నారు. ఆ అవసరం లేకుండా ఉదయమే మీరు వైద్యుణ్ణి ఇంటికి పంపారు.

మిమ్మల్ని వినడమే పెద్ద పని. హాల్లో ఎల్‌ఈడీ బల్బు వేస్తే గుయ్యిమంటారు, ఫోను ఛార్జరు పెడితే గరగరలాడతారు, పక్క ఫ్లాటులో ఇన్వర్టరు మేల్కొంటే మీరు నిద్రపోతారు. మీడియం వేవ్ స్వభావం అంతే. ఈ చిన్న చిన్న విద్యుత్ పరికరాలు విసిరే రొద అంతా మీ దారిలోనే పడుతుంది. రేడియో లోపల ఫెర్రైట్ కడ్డీ ఒకటి ఉంటుంది, దాని దిక్కు మారితే వినికిడి మారుతుంది. కనుక పెట్టెను బల్ల మీద కొంచెం కొంచెం తిప్పుతూ, చివరికి గోడ వైపు మొహం పెట్టించి, ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి చీకట్లో కూర్చున్నాను. '406.5 మీటర్లు, అనగా 738 కిలోహెర్ట్జ్' అని లెక్కతో సహా పలకరించిన రోజులు తెలిసిన చెవులు కాబట్టి ఓర్చుకున్నాయి. పైగా మా నాన్నగారు ఏటా లైసెన్సు పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి మరీ మిమ్మల్ని విన్నారు. ఫిర్యాదు చేసే హక్కు నాకు వారసత్వంగా వచ్చిందని మనవి.

సంస్కృత వార్తల సంగతి పక్కన పెడుతున్నాను. 1974 నుంచి వస్తున్న ఆ ఐదు నిమిషాలు అర్థం కాకపోయినా పుణ్యం వస్తుందని మా నాయనమ్మ నమ్మేది. మీ పది నిమిషాలు తెలుగులోనే ఉన్నా నాకు దక్కిన ఫలం అదే.

ఉదయం ఆరోగ్య ప్రసంగం. 'మధుమేహం - తీసుకోవలసిన జాగ్రత్తలు'. సమతులాహారం తీసుకోవాలన్నారు. తగినంత వ్యాయామం చేయాలన్నారు. మానసిక ఒత్తిడిని దరిచేరనీయరాదన్నారు. లక్షణాలు కనిపించిన వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలన్నారు. మాట్లాడుతున్నది వైద్యుడే. మేము సంప్రదిస్తున్నదీ ఆయన్నే కదా అని పెట్టె దగ్గరికి జరిగాను. ఆయన కాగితం తిప్పారు. ఆ చప్పుడు మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది. ఎనిమిదో నిమిషంలో ఆయనకు గడియారం కనిపించినట్టుంది, మూత్రపిండాలు, కళ్లు, పాదాలు మూడూ ఒక్క ఊపిరిలో దాటించేశారు. తీరా చూస్తే నిమిషం మిగిలింది. దాన్ని వీణతో నింపారు. ఆ రోజు మొత్తంలో నాకు సూటిగా తగిలింది ఆ వీణే.

తర్వాత వరస కట్టినవి వినండి. 'ట్రాఫిక్ సమస్య - పౌరుల బాధ్యత'. 'పర్యావరణం - మన కర్తవ్యం'. 'నీటి పొదుపు - ప్రజల పాత్ర'. మీ ప్రతి శీర్షికలోనూ ఒక అడ్డగీత ఉంటుంది. అటువైపు ఏదో ఒక ఉపద్రవం, ఇటువైపు ఎప్పుడూ మేమే. ఆ గీతకు ఎటువైపూ ఒక్క కార్యాలయం, ఒక్క గుత్తేదారు, ఒక్క సంతకం నిలబడగా నేను వినలేదు. చర్యలు చేపట్టాల్సి ఉంటుంది, అవగాహన పెంపొందించాల్సి ఉంటుంది, సమన్వయంతో ముందుకు సాగాల్సి ఉంటుంది. ఇన్ని క్రియలున్న వాక్యాల్లో కర్త ఒక్కడూ దొరకడు. తెలుగు వ్యాకరణం కర్త లేకుండా కూడా నడుస్తుందని మీరు నిరూపించినంతగా ఏ పండితుడూ నిరూపించలేదు.

మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ఆకాశవాణి ప్రసారాలకు ఒక నియమావళి ఉంది. మిత్ర దేశాలను విమర్శించరాదు, మతాల మీద, వర్గాల మీద దాడి చేయరాదు, అశ్లీలం పలకరాదు, రాష్ట్రపతి, గవర్నర్లు, న్యాయవ్యవస్థ నిజాయితీ మీద మచ్చ వేయరాదు, రాజకీయ పార్టీని పేరు పెట్టి తిట్టరాదు. అన్నీ మంచి మాటలే. టీవీ చర్చల్లో నలుగురు ఒకేసారి అరుస్తుంటే ఈ నియమావళిని వాళ్ల మెడలో వేయాలని నాకే అనిపిస్తుంది. కానీ అయ్యా, మా వీధి పక్క మురుగు నాలా ఏ మిత్ర దేశమూ కాదు. మూత లేని మ్యాన్‌హోలుకు మతం లేదు. వంతెన కింద నిలిచిన నీళ్లలో అశ్లీలం ఉండొచ్చు గానీ, దాని లోతు ఎన్ని అడుగులో చెబితే ఏ నియమమూ భంగపడదు.

వాతావరణ సూచన విన్నాను. 'రాగల 24 గంటల్లో అక్కడక్కడ ఓ మోస్తరు జల్లులు పడే అవకాశం ఉంది.' అక్కడక్కడ! తడిసినవాడు నేను అక్కడ ఉన్నానంటాడు, తడవనివాడు నేను ఇక్కడ ఉన్నానంటాడు, మీరు ఇద్దరి దగ్గరా మాట దక్కించుకుంటారు. ఈ ఒక్క విషయంలో నాకు కోపం లేదు, అసూయ మాత్రమే.

మధ్యాహ్నం ఫోను కార్యక్రమం. ఇక్కడ మీరు ఒంటరి కాదు కనుక కొంత ఆశ పడ్డాను. 'హలో, నమస్కారమండీ, ఎక్కడి నుంచి?' 'హలో... హలో...' 'అమ్మా, మీ రేడియో సౌండు కాస్త తగ్గించండి.' ఆవిడ రేడియో దగ్గరికి నడిచి వెళ్లడం, మధ్యలో కుక్కరు ఈల వేయడం, తిరిగి రావడం, అన్నీ విన్నాము. ఆ నిమిషం పాటు ఒక ఇల్లు మా చెవుల్లో ఉంది. వచ్చి ఆవిడ తిన్నగా అడిగింది: 'మా గల్లీలో నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తున్నాయి, అదీ రాత్రి రెండింటికి. ఎవరికి చెప్పాలి?' నేను కుర్చీలో ముందుకు వంగాను. 'చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా' అన్నారు అతిథి. నీరు జీవనాధారమనీ, ప్రతి బొట్టూ విలువైనదనీ, ప్రతి ఇంటా ఇంకుడు గుంత తవ్వుకోవాలనీ సెలవిచ్చారు. ఆవిడ 'సరేనండీ' అంది. ఆ సరేనండీలో ఎంత ఉందో మీరు విని ఉంటే మీ సర్వీసంతా గుర్తుచేసుకునేవారు.

గుంత ఎంత లోతు? ఎంత వెడల్పు? అడుగున ఏ సైజు రాయి వేయాలి? చెప్పలేదు. నూరు చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు దిగుతాయి. ఇది ఆరో తరగతి లెక్క. ఈ ఒక్క లెక్క చెప్పినా ఆవిడ ఆ సాయంత్రం డాబా ఎక్కి గొట్టం ఎటు పోతోందో చూసుకునేది. లెక్క లేకపోవడం వల్ల ప్రతి బొట్టూ విలువైనదిగానే మిగిలిపోయింది.

ఇదంతా మీకు చేతకాదని నేను నమ్మి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం విన్నాను. అక్కడున్నదీ మీరేనా?

అదే గొంతు, అదే కాగితం. విషయం వరిలో జింకు లోపం. ఆకు మధ్య ఈనె ఎలా పాలిపోతుందో, ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు ఎలా వస్తాయో కళ్లకు కట్టించారు. అటుపైన: 'లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల వ్యవధిలో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి.' అంతే. బాధ్యత లేదు, కర్తవ్యం లేదు, అవగాహన లేదు. మందు పేరు, మోతాదు, ఎన్నాళ్లకు, ఎన్నిసార్లు. నాకు సెంటు భూమి లేదు. బాల్కనీలో కరివేపాకు కుండీ తప్ప సేద్యం ఎరగను. అయినా కలం తీసుకుని రాసుకున్నాను. రైతును మీరు మనిషిలా చూస్తారు. ఆయన దగ్గర పొలం ఉందనీ, తెగులు ఉందనీ, రేపు పొద్దున్నే చేయాల్సిన పని ఉందనీ మీకు తెలుసు. నగరంలో మాకున్నది ఒక్క బాధ్యతేనని మీ లెక్క.

రైతుతో అలా మాట్లాడినందుకు ఫలితం ఎలా ఉంటుందో మీకు గుర్తు చేయాలా? 1960ల్లో తంజావూరు వైపు ఏడీటీ-27 అనే వరి వంగడాన్ని తిరుచిరాపల్లి కేంద్రం ఎంతగా జనంలోకి తీసుకెళ్లిందంటే, రైతులు దాన్ని రేడియో వరి అనే పిలుచుకున్నారు. విత్తనానికి మీ పేరు పెట్టుకున్నారు! మీ ట్రాఫిక్ ప్రసంగం విని ఈ నగరంలో ఏ కూడలికీ, ఏ మలుపుకూ ఎవరూ రేడియో కూడలి అని పేరు పెట్టలేదు. పెట్టరు కూడా.

నగరవాసులతో సూటిగా మాట్లాడటం మీకు కొత్త కూడా కాదు. ఇదే హైదరాబాద్ కేంద్రంలో కార్మికుల కార్యక్రమం వచ్చేది. అందులో చిన్నక్క అనే పాత్ర గొంతు వినిపిస్తే ఇళ్లలో పనులు ఆగేవి. అది ప్రసంగం కాదు, ముచ్చట అంటారేమో. అదే నేనూ అంటున్నది.

ఇంకో సంగతి, ఇది మాత్రం వ్యంగ్యం కాదు. ఈ దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాలు సొంతంగా వార్తలు చదవరాదు. కావాలంటే ఆకాశవాణి వార్తలే తిరిగి వినిపించుకోవచ్చు. వాళ్లు రోజంతా నవ్వుతూ బిర్యానీ గురించి మాట్లాడటానికి అది కూడా ఒక కారణం. 1995లో ఒక క్రికెట్ ప్రసారం తగాదాలో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. మిమ్మల్నీ దూరదర్శన్‌నూ నడిపే ప్రసార భారతి 1997లో పుట్టింది. ఇన్ని జరిగాక రేడియోలో నగరం గురించి గంభీరంగా నోరు విప్పే వీలు అందరికంటే ఎక్కువ ఉన్నది మీకే. పోటీ పెద్దగా లేని పరుగు పందెంలో కూడా మీరు రెండో స్థానంలో వస్తున్నారు.

నా విన్నపం చిన్నది. వచ్చే వానాకాలం లోపు ఒక్క ప్రసంగం. శీర్షికలో అడ్డగీత వద్దు. 'నాలా పక్క ఇళ్ల వారికి ఈ వారం సూచనలు' అనండి చాలు. మీ వ్యవసాయ విభాగం వారినే కాస్త అప్పు తెచ్చుకుని రాయించండి. నమూనా కూడా పంపుతున్నాను:

'ప్రస్తుతం నాలా పూడిక దశలో ఉంది. ప్లాస్టిక్ సంచులు, పాత పరుపులు, భవన శిథిలాలు అడ్డుపడి నీరు నల్లగా మారడం ఈ తెగులు లక్షణం. గంటలో రెండు సెంటీమీటర్లకు మించి వాన కురిస్తే ఫలానా వంతెన కింద మోకాలి లోతు నిలుస్తుంది, అటు వెళ్లకండి. పూడిక తీయించాల్సింది ఫలానా కార్యాలయం, ఫలానా తేదీలోపు. తీయకపోతే ఫలానా నంబరుకు ఐదు రోజుల వ్యవధిలో రెండు మూడు సార్లు ఫోను చేయాలి. ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే వీధిలోని ఇరవై ఇళ్ల వారు కలిసి మోతాదు పెంచాలి.'

ఫలానా అన్న చోటల్లా పేర్లు మీరు నింపండి. ఆ పేర్లు నియమావళికి తగలవు, నేను రెండుసార్లు చూశాను. నిమిషం మిగిలితే వీణకు ఇవ్వండి, అభ్యంతరం లేదు.

ఈ ఉత్తరం మీ ఉత్తరాల కార్యక్రమానికి చేరితే ఎలా చదువుతారో కూడా నాకు తెలుసు. 'హైదరాబాద్, చిక్కడపల్లి నుంచి ఒక శ్రోత మన ప్రసంగాలను రోజంతా విన్నామనీ, వ్యవసాయ కార్యక్రమం ఎంతో ఉపయోగకరంగా ఉందనీ రాశారు. వారికి మా ధన్యవాదాలు.' ఇందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు కాబట్టి నేను కేసు వేయలేను. అలాగే చదువుకోండి.

ఇట్లు,
మీ విధేయుడైన శ్రోత