తల వెనక దెబ్బ గారికి

మహారాజశ్రీ తల వెనక దెబ్బ గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం ప్రత్యేకంగా అడగనక్కరలేదు. క్షేమం చెడేది తమరు తగిలినవారికే కదా.

నేను మీకు తెలియకపోయినా మీరు నాకు బాగా తెలుసు. నిద్ర పట్టని రాత్రుల్లో 1940ల నాటి హాలీవుడ్ చవక డిటెక్టివ్ సినిమాలు చూసే దురలవాటు నాకుంది. హక్కుల గడువును ఎవరూ పొడిగించుకోకపోవడంతో వాటిలో కొన్ని ఇప్పుడు అనాథల్లా ఉచితంగా దొరుకుతున్నాయి. గంట, మహా అయితే గంటా పది నిమిషాలు. ప్రైవేటు డిటెక్టివు చీకటి గదిలోకి అడుగుపెడతాడు. దీపం వెయ్యడు, టోపీ తియ్యడు. నేల మీద శవం కనిపిస్తే వంగి చూస్తాడు. తలుపు చాటు నుంచి ఒక చెయ్యి లేస్తుంది. ఆ చేతిలో పిస్తోలు, ఆ పిస్తోలు పిడి చివర తమరు.

మొదట్లో మిమ్మల్ని హంతకుడి మనిషి అనుకున్నాను. ఓ నలభై సినిమాలు చూశాక గాని తెలియలేదు, మీరు జీతం పుచ్చుకునేది నిర్మాత దగ్గరని.

ఆ లెక్క ఇదీ. అప్పట్లో అమెరికా థియేటర్లలో ఒక టిక్కెట్టు కొంటే రెండు సినిమాలు చూపించేవారు. పెద్ద సినిమాకు వసూళ్లలో వాటా. దాని తోకగా వచ్చే చిన్న సినిమాకు ముందే కుదుర్చుకున్న అద్దె. జనం ఎగబడినా అంతే, సగం హాలు గురకపెట్టినా అంతే. రాబడి ఎలాగూ పెరగదు, కాబట్టి లాభమంతా ఖర్చు కోతలోనే ఉంది. బాగా తీయడమంటే ఆ నిర్మాతకు డబ్బు పారబోసుకోవడమే. మోనోగ్రామ్, పీఆర్‌సీ లాంటి చిన్న స్టూడియోలన్నిటినీ కలిపి ‘పావర్టీ రో’ అనేవారు. మన మాటలో దరిద్రపు వీధి. ఆ వీధిలో వారం పది రోజుల్లో సినిమా చుట్టి పెట్టెలో పెట్టాలి.

అక్కడే తమరి అవసరం పడింది. హీరో తన ఆఫీసు నుంచి రేవులోని గిడ్డంగికి చేరాలి. మామూలుగా అయితే కారు కావాలి, రోడ్డు కావాలి, ఆ రోడ్డు మీద నాలుగు దీపాలైనా వెలగాలి. మీరు ఒక్కసారి వాలితే ఇవేమీ అక్కరలేదు. తెర నల్లబడుతుంది. కళ్లు తెరిచేసరికి ఆయన గిడ్డంగిలో కుర్చీకి కట్టేసి ఉంటాడు. నలుపంత చవకైన దృశ్యం సినిమా చరిత్రలో మరొకటి లేదు. శవం మాయం కావాలన్నా మీరే, తెల్లవారాలన్నా మీరే. రచయితకు తర్వాత ఏం రాయాలో తోచకపోయినా మీరే దిక్కు. పైగా కొట్టినవాడి ముఖం చూపించనక్కరలేదు గనక, ఆ చెయ్యి లైట్లు మోసే కుర్రాడిదైనా సరిపోతుంది. ఒక నటుడి కూలీ కూడా మిగిలిందన్నమాట. నిజం చెప్పాలంటే తెర మీద రచయిత పేరు పక్కన మీ పేరు వెయ్యకపోవడం అన్యాయం.

ప్రేక్షకుల తలల మీద కూడా మీరు రహస్యంగా వాలారని నా అనుమానం. లేకపోతే ఆ జనం అన్నీ అంత తేలిగ్గా ఎలా మరచిపోయారు? మైకేల్ షేన్ అనే డిటెక్టివుగా 1940 నుంచి 1942 దాకా ఫాక్స్ స్టూడియో వారి ఏడు సినిమాల్లో నటుడు లాయిడ్ నోలన్ తిరిగాడు. 1946లో అదే షేన్ పీఆర్‌సీ వారి గుమ్మం తొక్కేసరికి హ్యూ బ్యూమాంట్ అనే మరో నటుడు అయిపోయాడు. ‘ఫాల్కన్’ అనే డిటెక్టివు సినిమాల వరసలో ఇంకా పొదుపు. జార్జ్ శాండర్స్ ఆ పాత్ర వదిలేస్తాననగానే 1942లో కథలో ఆయనను చంపేసి, నిజజీవితంలో ఆయన సోదరుడైన టామ్ కాన్వేను సోదరుడి పాత్రలోనే తెచ్చి నిలబెట్టారు. కనీసం పోలికలైనా కలిశాయి.

చార్లీ చాన్ అనే మరో సినిమా డిటెక్టివు సంగతి అలా కాదు. ఆయన ప్రైవేటు కాదు, హొనొలులూ పోలీసు. చైనా సంతతివాడు. ఆ వేషం వేసినవారు మాత్రం స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్, తర్వాత మిస్సోరీ రాష్ట్రంలో పుట్టిన సిడ్నీ టోలర్, చివరికి మోనోగ్రామ్ వారి రోలండ్ వింటర్స్. చైనాలో పుట్టిన నటుడు కీ లూక్ ఆ పక్కనే ఉన్నాడు, కానీ ఆయనకు కొడుకు వేషం. లూక్ 1904 జూన్‌లో పుట్టాడు, తండ్రి వేషం వేసిన వింటర్స్ అదే ఏడు నవంబరులో. అంటే కొడుకు తండ్రి కంటే ఐదు నెలలు పెద్ద! తెర మీద ఎన్నో హత్యల మర్మం తేల్చిన డిటెక్టివుకు, తన ఇంట్లోని ఈ చిక్కు అంతుపట్టలేదు. ఇది మీ తప్పు కాదని తెలుసు. ఇంత పెద్ద తప్పు చెయ్యడానికి ఒక్క దెబ్బ చాలదు.

మా తెలుగు సినిమాకు వచ్చాక మీరు బాగా ఎదిగారు. అక్కడ స్పృహ తియ్యడం వరకే మీ ఉద్యోగం. ఇక్కడ మొదటి దెబ్బకు జ్ఞాపకం పోతుంది, పతాక సన్నివేశంలో రెండో దెబ్బకు వడ్డీతో సహా తిరిగి వస్తుంది. అమ్మ, చెల్లి, చిన్నప్పటి పాట, అన్నీ. మిమ్మల్ని చూసి ఏ వైద్య కళాశాలా పాఠాలు మార్చుకోకపోవడం మా అదృష్టం.

ఇంతకీ విన్నపం. మనిషి తలకు దెబ్బ తగిలి చాలాసేపు స్పృహ తప్పితే అది ప్రాణాల మీదకు వచ్చే వ్యవహారం. మీ హీరో మాత్రం లేచి మెడ రుద్దుకుంటాడు, సొరుగులోంచి విస్కీ తీసి గొంతులో పోసుకుంటాడు, టోపీ సరిచేసుకుని బయలుదేరతాడు. మరుసటి సినిమాలో అదే తల, అదే టోపీ, మళ్లీ మీరే. ఆ టోపీకి సొట్ట కూడా పడదు. ఒక్క సినిమాలోనైనా ఆయనను డాక్టరు దగ్గరకు పోనివ్వండి. ఆసుపత్రి సెట్టుకు డబ్బెక్కడిది అంటారేమో. కొత్త సెట్టు ఎందుకు? ఆయన ఆఫీసు గదే ఉందిగా. సొరుగులోని విస్కీ సీసా తీసేసి, బల్ల మీద ఒక స్టెతస్కోపు పెడితే సరి. డాక్టరు వేషానికి ఆ లైట్లు మోసే కుర్రాణ్ణి పిలవండి.

ఇట్లు,
దీపం వేసి గాని గదిలోకి వెళ్లని
ఒక ప్రేక్షకుడు