కనబడకుండా పోయిన కాంట్రాక్టు కాగితానికి

మహారాజశ్రీ కాంట్రాక్టు కాగితం గారికి,

సోనిక్ కామిక్స్ పాఠకుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. కామిక్ కంపెనీకీ, కథలు రాసిన రచయితకూ మధ్య రాసుకున్నారని చెప్పే తమరెక్కడున్నారో లాయర్లకే అంతుపట్టలేదు గనక తమ క్షేమం అడిగి లాభం లేదు.

1993లో ఆర్చీ అనే కామిక్స్ కంపెనీ వాళ్ళు సెగా వాళ్ళ సోనిక్ అనే వీడియో గేమ్‌ను కామిక్ చేసినప్పుడు మాకు తెలిసిన విలన్ ఒక్కడే, రోబాట్నిక్. బట్టతల, బండ మీసాలు, దొరికిన జీవినల్లా మరబొమ్మను చేసేయడమే పని. వాడు పోతే వేరే లోకం నుంచి ఎగ్‌మన్ దిగాడు. ఇద్దరూ కలిసి ఏళ్ళ తరబడి కిందామీదా పడ్డా చేయలేని పనిని, అంటే ఆ లోకాన్ని ఖాళీ చేయడాన్ని, తమరు కేవలం కనబడకుండా ఉండి సాధించారు.

ఆటలో నకల్స్ అనే ఎకిడ్నా (ఒక ముళ్ళ జంతువు) తన జాతిలో ఆఖరివాడు. తేలే దీవి మీద మాస్టర్ ఎమరాల్డ్ అనే మహిమగల పచ్చకు ఒంటరి కాపలా. కామిక్‌లో కెన్ పెండర్స్ అనే రచయిత వాడి మీద జాలిపడి ఊరంత చుట్టరికం అంటగట్టాడు. నాన్న లాక్, అమ్మ లారా-లె, తాత సేబర్, ముత్తాత అథైర్, ప్రియురాలు జూలీ-సు, భవిష్యత్తులో పుట్టబోయే కూతురు లారా-సు కూడా! 1997లో నకల్స్‌కు వేరు కాపురం పెట్టించి 32 సంచికలు నడిపారు. వాటిలో పేజీలకు పేజీలు ముసలి కాపలాదార్లు తెరల ముందు కూర్చుని కుర్రాడేం చేస్తున్నాడో చూస్తూ గుసగుసలాడుకోవడమే. అయినా చదివాం.

తీరా ఈ బలగమంతా ఎవరి ఆస్తి అనే మాట వచ్చింది. పెండర్స్ తన పేర కాపీరైటు చేయించుకున్నాడు. 2010లో ఆర్చీ కోర్టుకెక్కింది. రాయించుకున్న కంపెనీదే హక్కు అని తమరొచ్చి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. తమరు రాలేదు, తమ జిరాక్సు వచ్చింది. అది నమ్మదగింది కాదని పెండర్స్ వాదన. గెజిటెడ్ సంతకం లేని జిరాక్సుకు మా ఆఫీసుల్లో ఏ మర్యాద జరుగుతుందో మాకు తెలుసు, పాపం ఆర్చీకి తెలియదు. 2013లో రాజీ, బలగం పెండర్స్ వైపే ఉండిపోయింది.

ఈలోగా కథలోకి థ్రాష్ అనే టాస్మేనియన్ డెవిల్ ఊడిపడి, నకల్స్‌ను తప్ప వాడి జాతి ఎకిడ్నాలందరినీ వార్ప్ రింగ్‌లోంచి వేరే లోకానికి తోసేశాడు. ఇంత శుభ్రంగా ఇల్లు ఖాళీ చేయించిన విలన్ ఆ కామిక్‌లో మరొకడు లేడు. మిగిలిన పని మెగా మాన్ అనే మరో వీడియో గేమ్ వీరుడితో కలిసి నడిచిన కథలో పూర్తయింది. లోకాలు రెండూ చెదిరిపోతే, మెగా మాన్ తనదాన్ని ఉన్నదున్నట్టు తిరిగి తెచ్చుకున్నాడు (కాగితాలు సరిగ్గా పెట్టుకున్నట్టున్నాడు). సోనిక్ వంతు వచ్చేసరికి ఎగ్‌మన్ అడ్డం పడ్డాడు, లోకం మారిపోయింది. పాత కథల్లో చాలామంది ఆనవాలు లేకుండా పోయారు. శాలీ, యాంట్వాన్, బనీ మాత్రం బతికి బయటపడ్డారు. టీవీ కార్టూన్‌లో పుట్టినవాళ్ళు, వాళ్ళ దస్తావేజులు వేరు. 2017లో ఆర్చీ ఈ సోనిక్ దుకాణం కట్టేయడంతో వాళ్ళూ సర్దుకున్నారు. మరుసటి ఏడాది ఐడీడబ్ల్యూ అనే వేరే కంపెనీ వాళ్ళు టాంగిల్, విస్పర్ అనే కొత్తవాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టారు. బాగున్నారు, నిజం చెప్పాలంటే పాతవాళ్ళలో చాలామంది కంటే నయం.

లారా-సు పెండర్స్ వెంట అతని సొంత కామిక్‌లోకి వెళ్ళింది. నకల్స్ సెగా సొత్తు గనక అక్కడ ఆమె తండ్రి పేరు కె'నాక్స్. కన్నకూతురి ఇంట్లో నాన్న మారుపేరుతో తిరగాల్సిన గతి పట్టించింది తమరే.

ఇప్పుడు ఏ బీరువా వెనక నుంచో తమరు బయటపడితే, దయచేసి మళ్ళీ లోపలికే దూరండి. ఆ తాతలూ ముత్తాతల పేర్లు ఇంకోసారి మొదట్నుంచీ బట్టీ పట్టే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
జిరాక్సులన్నీ మూడేసి ప్రతులు దాచుకునే ఒక పాఠకుడు