ఎర్ర లైటొచ్చింది సార్

రాత్రి పదకొండున్నరకు ఫోన్ మోగితే మామూలు మనుషులకు ఎవరి చావు కబురోనని గుండె జారుతుంది. నాకు మాత్రం ఎక్కడో ఏదో రైస్ మిల్లులో ఎర్ర లైటు వెలిగిందని అర్థమవుతుంది.

"సార్, ఎర్ర లైటొచ్చింది సార్."

"ఏ లైటు? పక్కన ఏం రాసుంది?"

"ఎర్రగుంది సార్."

"కొట్టుకుంటుందా, నిలబడి వెలుగుతుందా?"

అవతల నిశ్శబ్దం. వెనకాల ఎవరో ఎవరినో తిట్టడం. తర్వాత అదే గొంతు, ఇంకాస్త నమ్మకంగా: "బాగ ఎర్రగుంది సార్. రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినం."

ఈ చివరి వాక్యం గురించే నా వ్యాసం. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకూ ఒకటే వైద్యం: ఆఫ్ చేసి ఆన్ చేయడం. టీవీకి అదే, బోరు మోటారు స్టార్టరుకి అదే, కోటి రూపాయల డ్రయ్యర్‌ని నడిపే పీఎల్‌సీకీ అదే. ఇంత చౌకైన వైద్యాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో తెలిస్తే మిర్యాలగూడ చౌరస్తాలో విగ్రహం పెట్టించే చందా నేనే మొదలుపెడతాను. విగ్రహం చేతిలో మెయిన్ స్విచ్ ఉండాలి.

పీఎల్‌సీ అంటే, అదే యంత్రాలను నడిపే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్ అంటే, తెలియనివారికి రెండు ముక్కలు. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు రిలేలతో (కరెంటే నొక్కే స్విచ్చులు), వైర్లతో నిండిన గోడలతో విసిగిపోయి, ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌కు అర్థమయ్యే కంప్యూటర్ ఒకటి కావాలని అడిగారు. బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థ తయారుచేసి ఇచ్చింది. అది వాళ్ల 84వ ప్రాజెక్టు కాబట్టి పేరు 084. గమనించండి, ఎలక్ట్రీషియన్‌కు అర్థం కావాలన్నది మొదటిరోజు నుంచీ ఉన్న షరతు. అందుకే దాని ముఖాన లైట్లు పెట్టారు. అలంకారానికి పెట్టలేదు. దీపావళికి కొన్న సీరియల్ సెట్టు కాదది.

మన దగ్గర ఎక్కువగా కనిపించే సీమెన్స్ ఎస్7-300నే తీసుకోండి. 2023 అక్టోబరులో దాని మామూలు అమ్మకాలు ఆగిపోయాయి కానీ మన ప్యానల్ బోర్డుల్లో ఇంకా కాపురం చేస్తూనే ఉంది. ముఖాన వరసగా ఎస్ఎఫ్ (సిస్టం ఫాల్ట్), బీఎఫ్, డీసీ 5వీ, ఎఫ్ఆర్‌సీఈ, రన్, స్టాప్. బీఎఫ్ నిలకడగా వెలిగితే కమ్యూనికేషన్ వైరులోనే (మా భాషలో దాన్ని బస్ అంటారు) దెబ్బ, షార్ట్ లాంటిది. కొట్టుకుంటే వైరు బతికే ఉంది, దాని మీద ఉండాల్సిన స్టేషన్లలో, అంటే ఆ వైరుకు తగిలించిన యూనిట్లలో, ఒకటో రెండో పలకడం లేదని. కొట్టుకోవడానికీ నిలబడడానికీ మధ్య ఒక రాత్రి నిద్ర ఉంది. నా నిద్ర.

పోయిన యాసంగిలో మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లుకు తెల్లారుజామున చేరాను. పేరు చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు, మీరు ఏ మిల్లుకు వెళ్లినా ఇదే సభ జరుగుతుంటుంది. గేటు బయట వడ్ల లారీలు, ట్రాక్టర్లు. లోపల నానబెట్టిన వడ్లు ట్యాంకుల్లో వాసన పట్టడం మొదలైంది. ప్యానల్ గదిలో పదకొండు మంది. సేటు కుర్చీలో, మేనేజరు ఆయన వెనక, ఆపరేటరు అపరాధిలా మూలకు, ఎలక్ట్రీషియన్ చేతిలో టెస్టర్‌తో. ఇంకా ఇద్దరు లారీ డ్రైవర్లు ఎందుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నిటికన్నా ముఖ్యుడు, హైదరాబాద్ నుంచి పెళ్లికని వచ్చిన సేటుగారి బావమరిది. సాఫ్ట్‌వేర్.

ప్యానల్ తలుపుకు కొత్త నిమ్మకాయలు, మిరపకాయలు. ఎస్ఎఫ్ లైటుకు కరెక్టుగా కింద కుంకుమ బొట్టు. కొబ్బరికాయ కొట్టింది ప్యానల్ బయటే కాబట్టి దేవుడు ఉన్నాడని నేను ఒప్పుకుంటున్నాను.

"బావా, ర్యామ్ ఫుల్ అయినట్టుంది," అన్నాడు బావమరిది.

"రాం ఏంది?" అన్నాడు సేటు.

మేనేజరు కళ్లద్దాలు సర్దుకుని బీఎఫ్ అక్షరాల వంక చూశాడు. ఎవరో చెప్పారట, బీఎఫ్ అంటే బస్ ఫాల్ట్ అని. "మనకాడ లారీలే గద సార్, బస్సేడిది?" ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఒక లారీ డ్రైవరు మాత్రం, డిపోలో తన తోడల్లుడు మెకానిక్ అని, కావాలంటే ఫోన్ చేస్తానని ముందుకొచ్చాడు.

ఎలక్ట్రీషియన్ అప్పటికే ఫ్యూజులన్నీ మార్చాడు. కాలనివి కూడా. పవర్ సప్లయి మార్చాడు. 24 వోల్టులు పక్కాగా ఉన్నా సరే, కొత్తది ఉంది కాబట్టి. ఆఫ్ చేసి ఆన్ చేసిన లెక్క పద్నాలుగుకు చేరింది. మధ్యలో ఎవరో సెల్ ఫోన్లన్నీ గది బయట పెట్టించారు, సిగ్నల్‌కు డిస్టర్బ్ అవుతుందని.

లైటు మాత్రం కొట్టుకుంటూనే ఉంది. సాయంత్రం నుంచీ అదే మాట చెబుతోంది: వైరు బాగుంది, మనిషి పలకడం లేదు, పోయి చూడండి.

లాప్‌టాప్ పెట్టి డయాగ్నస్టిక్ బఫర్ తెరిచాను. ఈ యంత్రం తన పంచనామా తానే రాసుకుంటుందని మన మిల్లుల్లో ఎవరికీ ఎవరూ చెప్పినట్టు లేరు. ఏ స్టేషన్ ఎప్పుడు తప్పిపోయిందో తేదీ, టైముతో సహా. కరెంటు తీసినా చివరి 100 నమోదులు చెక్కుచెదరవు. సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు 6వ నంబరు నుంచి 9 దాకా నాలుగు స్టేషన్లు ఒకేసారి మాయం. నాలుగూ డ్రయ్యర్ వైపువే, 5వ నంబరు తర్వాతివే. 5 దగ్గరికి నడిచాను. వంకాయ రంగు వైరు, దాని కనెక్టరు మీద చిన్న స్విచ్. ఆన్ మీద ఉంది.

ఆ స్విచ్ లైను రెండు చివర్లలో మాత్రమే ఆన్ ఉండాలి. నడిమధ్యన ఆన్ చేస్తే అక్కడితో లైను అయిపోయిందని అర్థం, అవతలివన్నీ తెగిపోతాయి. ఊక దుమ్ము తుడవడానికి వచ్చిన పిల్లవాడు దాన్ని ఆన్ చేశాడు. అడిగితే భయపడుతూ చెప్పాడు: "ఆఫ్‌ల ఉండె సార్. ఆన్ ఉంటెనే గద పనిచేసేది."

వాడి తర్కంలో నాకు ఏ తప్పూ కనిపించలేదు. ఆ మిల్లులో వాడికి దొరికిన విద్య అంతా ఆఫ్, ఆన్. వాడు చదువుకున్నంతలో వాడు ఫస్ట్ క్లాసు. వేలితో స్విచ్ కిందికి నొక్కాను. బీఎఫ్ ఆరిపోయింది. సేటు బావమరిది వంక చూసి, "నువ్వన్నట్టే అయింది," అన్నాడు. ఏమన్నాడో, ఎట్లా అయిందో నన్ను అడక్కండి.

సరే, ఇది నవ్వుకునే కథ. పాత మోడళ్లలో బ్యాటరీ లైటు వెలిగితే, కరెంటు ఉండగానే బ్యాటరీ మార్చమని పుస్తకంలో ఉన్నా, మెయిన్ తీసి, టిఫిను తిని, వచ్చి మార్చి, ప్రోగ్రాం మొత్తం గాలికి పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అదీ నవ్వుకోవచ్చు. ఆ పుస్తకం సేటు బీరువాలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, భూమి పాస్‌బుక్కుల కింద భద్రంగా ఉంటుంది.

అదే ప్యానల్‌లో ఇంకో లైటు ఉంది. ఎఫ్ఆర్‌సీఈ. పసుపు. అది వెలిగిందంటే ఎవరో యంత్రానికి బలవంతంగా అబద్ధం చెప్పి పెట్టారని. తలుపు తెరిచి ఉన్నా మూసి ఉన్నట్టు, ఎమర్జెన్సీ తాడు లాగినా లాగనట్టు. పసుపు లైటును ఎవరూ లెక్కచేయరు, ఎందుకంటే మిల్లు నడుస్తుంటుంది. లాప్‌టాప్ లేనిచోట ఇదే పని జానెడు వైరు ముక్కతో చేస్తారు. లూప్ కొట్టడం అంటారు. ఎంత ముద్దుగా ఉంది పేరు!

తిరిగే మరతో ఊకను ముందుకు తోసే స్క్రూ కన్వేయర్ మూత కింద స్విచ్ ఉంటుంది, మూత లేస్తే ఆగిపోవడానికి. సీజన్‌లో అది మాటిమాటికీ ఆపుతోందని లూప్ కొట్టారు. బిహార్ నుంచి వచ్చిన కుర్రాడు, జామ్ అయిన ఊక తీయడానికి మూత లేపి చేయి పెట్టాడు. ఆగి ఉందనుకున్నాడు. ఎందుకు ఆగి ఉందనుకోడు, మూత లేస్తే ఆగుతుందని వాడికి చెప్పిందే మీరు కదా! మూడు వేళ్లు పోయాయి. ఆస్పత్రి నుంచి వచ్చేలోపే కాగితం మీద "కార్మికుడి అజాగ్రత్త" అని రాసేశారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ తిరిగే యంత్రానికి రక్షణ ఉండాలంది. కార్మికుడు తన వేళ్లతో యంత్రాన్ని పరీక్షించుకోవాలని ఎక్కడా అనలేదు. ఆ లూప్ కొట్టమన్నదెవరు? కొట్టిన చేతికి ఎన్ని వేళ్లున్నాయి? రాత్రి పదకొండున్నరకు ఎర్ర లైటుకు నాకు ఫోన్ చేసినవాళ్లు, ఆ లూప్ కొట్టేముందు ఒక్కరైనా ఫోన్ చేశారా? చేయరు. ఎర్ర లైటంటే మిల్లు ఆగింది, సరుకు ఆగింది. లూపంటే మిల్లు నడుస్తోంది. అంతే లెక్క.

ఆ మిల్లులో ఈ మధ్య పాతది తీసేసి టచ్ స్క్రీన్ పెట్టారు. మొన్న పోతే సేటు స్వయంగా చూపించాడు. అలారాలన్నీ ఎర్రగా వస్తుంటే వచ్చినవాళ్లు కంగారు పడుతున్నారని, బిగించడానికి వచ్చిన కుర్ర ఇంజనీరును రంగు మార్చమన్నాడట. కుర్రాడు ఐదు నిమిషాల్లో మార్చిపెట్టాడు. నేను చూస్తుండగానే కింద ఒక వరస మెరిసింది: కన్వేయర్ గార్డ్ ఓపెన్. లేత ఆకుపచ్చ రంగులో, సాగర్ ఎడమ కాలువ కింద నాట్లేసిన మడిలాగ.

"చూసినవా సార్," అన్నాడు సేటు, "కండ్లకు ఎంత సల్లగుందో."