సీరియళ్లు చూసేవాళ్లకి బుర్ర లేదన్న మెసేజ్‌కి నా జవాబు

సంక్రాంతి నుంచీ మా చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. తెలుగు సీరియళ్లు చూసే ఆడవాళ్లు అందులో జరిగేదంతా నిజమని నమ్మేస్తారట. అరగంట చూసినా జరిగేది ఏమీ ఉండదట. ఆడదాన్ని ఏడవడానికీ, మొగుడి కాళ్లు పట్టుకోవడానికీ తప్ప చూపించరట. కథలన్నీ పక్క భాషల నుంచి ఎత్తుకొచ్చినవట. చూసేవాళ్లంతా పనీపాటా లేనివాళ్లట. మా మేనమామ కొడుకు పంపాడు, మా ఆడపడుచూ పంపింది. 'కార్తీకదీపం' సీరియల్ 2017 అక్టోబరులో మొదలైన రోజు నుంచి 2023 జనవరిలో అయిపోయేదాకా వెంట నడిచినదాన్ని నేను. ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఆ నమ్మేయడం సంగతి. మాది నరసాపురం పక్క పల్లెటూరు. రాత్రి ఏడున్నర అయ్యేసరికి మా దొడ్డమ్మగారి ముందు గదిలో అయిదారుగురం చేరేవాళ్లం. తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. కార్తీక్ గుండె డాక్టరు. తనకి పిల్లలు పుట్టరని మోనిత అనే ఇంకో డాక్టరు ఆడిన అబద్ధం నమ్మి, కడుపుతో ఉన్న భార్య దీపని అనుమానిస్తాడు. దీప ఇల్లు వదిలి పోతుంది. ఏళ్ల తరబడి కథంతా ఆ అనుమానం చుట్టూనే తిరిగింది. మా దొడ్డమ్మ చదివింది అయిదో తరగతి. ఓ రోజు టీవీ వైపు చూస్తూనే అంది: "డాక్టరు చదువు చదివాడు కదే, పిల్లకీ తనకీ పరీక్ష చేయించుకుంటే తేలిపోద్ది. చేయించుకోడు. తేలడం ఆడికి ఇష్టం లేదు. అనుమానం కూడా అలవాటైపోద్ది మొగోడికి." ఆ మాటతో గదిలో ఎవరూ కాసేపు నోరు మెదపలేదు. ఆవిడ ఒక్క కార్తీక్‌నే అనడం లేదని అక్కడున్న అందరికీ తెలుసు.

ఇదేనా నిజమని నమ్మేయడం? 2022లో కార్తీక్‌నీ దీపనీ ప్రమాదంలో పోగొట్టి, పిల్లల్ని ఒక్కసారిగా పెద్దవాళ్లని చేసి కథ నడిపించారు. మా గదిలో సగంమంది రావడం మానేశారు. కొన్ని నెలలకి ఇద్దరినీ మళ్లీ బతికించి తెచ్చారు. అప్పుడూ మా వాళ్లు సంతోషపడిపోలేదు, "చంపడమెందుకు, లేపడమెందుకు" అని తిట్టారు. కథ ఎక్కడ దారి తప్పిందో మాకు బాగా తెలుసు.

అరగంటలో ఏమీ జరగదన్న మాటలో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. ఒక మాట అనగానే నలుగురి మొహాలూ మూడేసిసార్లు చూపిస్తారు. నిన్నటి చివరి సీను ఇవాళ మళ్లీ మొదట్నుంచీ వేస్తారు. కానీ దాన్ని ఎవరు, ఎలా చూస్తున్నారో కూడా చూడాలి కదా. మా వైపు ఇళ్లల్లో ఆడవాళ్ల చేతిలో లేసు అల్లిక ఉంటుంది. ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టి, కుడిచేత్తో కొక్కెం సూది దూర్చి, లాగి, మళ్లీ దూర్చి, పెదాలు కదలకుండా లెక్కపెట్టుకుంటూ అల్లుతారు. ఒక్క గడి లెక్క తప్పితే ఆ వరసంతా విప్పుకోవాలి. కళ్లు సూది మొన మీదే ఉంటాయి, సీరియల్ చెవుల్లోకి వెళ్తుంటుంది. వరస పూర్తయ్యాక తలెత్తితే దీప అత్త సౌందర్య మొహం ఇంకా అక్కడే ఉండాలి. మధ్యలో అన్నం వార్చడానికి లేచి వెళ్లొచ్చినా తెగిన చోట అతుక్కోవాలి. పనిచేసుకునే చేతులకి ఆ నిదానమే సరిపోయింది. పైగా నిదానం మన గోదావరి జిల్లాలవాళ్లకి కొత్తా? తీర్థాల్లో హరిశ్చంద్ర నాటకం వేస్తే కాటిసీనులో ఒక్క పద్యాన్ని రాగం తీసి తీసి పాడతారు, జనం వన్స్‌మోర్ అని మళ్లీ పాడిస్తారు. తెల్లారిపోతున్నా ఎవరూ కదలరు. దాన్ని సాగదీత అన్నవాళ్లని నేను చూడలేదు.

ఇక ఏడుపు. దీప ఏడ్చింది, చాలా ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలో ఏం చేసిందో మెసేజ్ రాసినాయన చూసినట్టు లేదు. నలుగురి ఇళ్లల్లో వంట చేసి కూతురు శౌర్యని పెంచింది. అందుకే ఊళ్లన్నీ ఆవిడని వంటలక్క అన్నాయి. తప్పు చేయలేదన్న ఒక్క మాట మీద అన్నేళ్లు నిలబడింది. 'ఇంటింటి గృహలక్ష్మి'లో తులసి చూడండి. పాతికేళ్లు చాకిరీ చేయించుకున్న భర్త నందు ఇంకో ఆవిడ వైపు వెళ్తే విడాకులిచ్చి, తన బతుకు తాను చూసుకుంది. విడాకులు అనే మాట మా ఇళ్లల్లో గొంతు తగ్గించి పలికేవాళ్లు. ఆ ఎపిసోడ్లు వచ్చిన వారం మా అమ్మ దాన్ని మామూలు గొంతుతో అనడం మొదటిసారి విన్నాను.

అరువు కథలంటారా, నిజమే. కార్తీకదీపానికి మూలం మలయాళం 'కరుత్తముత్తు'. గృహలక్ష్మికి మూలం 2019 నాటి బెంగాలీ 'శ్రీమయి'. అదే శ్రీమయి హిందీలో 'అనుపమ' అయింది, తమిళం, మలయాళం, మరాఠీలకీ వెళ్లింది. అన్ని భాషలవాళ్లకీ అది తమ ఇంటి కథలాగే అనిపించింది మరి. సొంత కథలు లేవా అంటే, మంజులా నాయుడు గారి 'ఋతురాగాలు', 'చక్రవాకం', 'మొగలిరేకులు' చూడనిదెవరు?

పనీపాటా లేనివాళ్లన్న మాటకి లేసు దగ్గరే జవాబు చెప్పేశాను. ఇంకొక్కటి చేరుస్తాను. 2020లో ఐపీఎల్ రాత్రి మ్యాచ్‌లు కూడా ఏడున్నరకే పెట్టారు, మా ఇంట్లో టీవీ ఒక్కటే. మ్యాచ్ మూడున్నర గంటలు, మా సీరియల్ అరగంట. రిమోట్ మాత్రం మేమే వదులుకోవాలన్నారు ఇంట్లో మగవాళ్లు.

నిజంగా నిలదీయాల్సిన తప్పు ఒకటుంది. ఆ మెసేజ్‌లో అది లేదు. దీప నల్లగా ఉందనే కదా అత్త సౌందర్య మొదట్లో ఆమెని ఈసడించుకుంది. రంగు చూసి మనిషిని తక్కువ చేయొద్దని చెప్పడానికి ఎత్తుకున్న కథ అది. ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ గారికి మాత్రం నల్లరంగు పూసి చూపించారు. మా చెల్లెలి కూతురు నలుపు. ప్రేమి గారు మేకప్ లేకుండా ఉన్న ఫొటో ఫోన్లో చూసి నా దగ్గరికొచ్చింది. "పెద్దమ్మా, ఈవిడ తెల్లగానే ఉందిగా. మరి నాలాంటి వాళ్లనే పెట్టుకోవచ్చుగా?" అంది. ఛానల్ వాళ్లని అడగాల్సిన మాట అది.