సిలికోన్ గారికి, బాత్‌రూమ్ గుమ్మం దగ్గర నుంచి

శ్రీయుత సిలికోన్ సీలెంట్ గారికి,
షవర్ కింద, గోడా నేలా కలిసే మూల.

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని తలుస్తున్నాను అని రాయడం ఆనవాయితీ. కానీ మొన్న ఉదయం నేను తలకి సబ్బు పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్న సమయంలో తమరు గోడని వదిలేసి వచ్చి నా కాలి బొటనవేలికి చుట్టుకున్నారు కాబట్టి ఆ వాక్యం ఎగరగొట్టేస్తున్నాను. జలగ అనుకున్నాను. అరిచాను కూడా. ఇంట్లోవాళ్లు తలుపు కొట్టి ఏమైందని అడిగితే "సిలికోన్" అన్నాను. అవతలి నుంచి ఒక నిట్టూర్పు వినబడింది, అడుగుల చప్పుడు దూరమైంది. మా ఇంట్లో ఆ మాటకి ఇక వివరణ అక్కర్లేదు.

సందుల్లోకి నీళ్లు దిగకుండా పూడ్చే పట్టీగా తమరు మా ఇంటికి వచ్చి మూడు నెలలు. కాపురం నిలబడుతుందనే అనుకున్నాం. కొస పట్టుకుని లాగితే, పాము కుబుసం విడిచినట్టు, ఎక్కడా తెగకుండా ఆ గోడ పొడవునా లేచి వచ్చేశారు. తమ కింద ఏముందో చూశాను. తమ పెద్దలున్నారు. నల్లగా, జిడ్డుగా, ఎవరి జోలికీ పోకుండా పడుకుని ఉన్నారు. గోటితో గీరితే వారి కింద ఇంకా పెద్దవారు. ఒకే కప్పు కింద మూడు తరాలు! చూడముచ్చటైన ఉమ్మడి కుటుంబమే గానీ, ఒక్కటే చిక్కు. తమకి గాజంటే ఇష్టం, టైలంటే ప్రాణం, పింగాణీ కనబడితే వదలరు. పాత సిలికోన్ మీద మాత్రం కొత్త సిలికోన్ సరిగా అంటుకోదు. సొంత వంశమంటే అంత ఎలర్జీ ఉన్నవారిని తీసుకొచ్చి తాతగారి వీపు మీద కూర్చోబెట్టిన మహానుభావుడి బిల్లు నా దగ్గర భద్రంగా ఉంది. లామినేషన్ చేయించాను.

అందులో రెండో వరస చూడండి. "పాతది తొలగించుట: 26 అడుగులు."

తొలగించుట!

మూడు నెలలుగా ఆ బిల్లు బీరువాలో ఉంది. మొన్నటి దాకా నాకు ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. ఇప్పుడు నిద్రలో కూడా కనబడుతోంది.

కొటేషన్ ఇచ్చిన రోజున ఆ బిల్లు రాసిన నిపుణులవారు నాకు పాఠం చెప్పారు. నిజం చెప్పాలంటే మంచి పాఠమే. ట్యూబు ఖరీదు ఓ లెక్కలోది కాదు సార్, అన్నారు. బిల్లంతా ఒక చెయ్యి అనుకుంటే ట్యూబు చిటికెన వేలి గోరు. మిగతాదంతా కూలి. పాతది బ్లేడుతో కోసి, గీకి, మిగిలిన జిడ్డు స్పిరిట్‌తో తుడిచి, నల్లబూజుకి మందు కొట్టి, సందు లోపలి దాకా ఎండనిచ్చి, అప్పుడు కొత్తది నింపాలి. పొడి ప్రాంతాల్లో ఈ ఎండటం తేలిగ్గా అయిపోతుంది, మీ దగ్గర గాలే తడిబట్టలా ఉంది, టైళ్ల మధ్య నింపే సిమెంటులో, అదే గ్రౌట్‌లో, ఇంకిన నీళ్లు బయటికి రానే రావు, అందుకే అదనం, అన్నారు. నేను తలూపాను. మా ఇంట్లో తేమ చూపించే చిన్న మీటరొకటి ఉంది. ఆ వేళ 84 శాతం చూపిస్తోంది. 60 దాటనివ్వకూడదంటారు. మా మీటరు 60 అనే అంకెని పుట్టాక చూడలేదు.

అంటే నేను డబ్బు ఇచ్చింది దేనికి? ఆగడానికి. ఒక రోజు గీకి, ఫ్యాన్ పెట్టి వదిలేసి, మర్నాడు మళ్లీ వచ్చి నింపడానికి. తేమ ఉన్నచోట ఈ పని ఖరీదంతా ఆ రాత్రిలోనే ఉంది. ఆగడం తెలిసిన మనిషి దొరికాడు, పోనీలే అనుకుని బేరం కూడా ఆడలేదు. బేరం ఆడకుండా నేను కొన్నది ఈ జన్మలో అదొక్కటే.

చెప్పిన రోజున మధ్యాహ్నం రెండింటికి వస్తానన్నారు. పొద్దుటి నుంచి ఇంట్లో ఎవరినీ ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. మూలలన్నీ పాత బనియన్‌తో తుడిచాను. టేబుల్ ఫ్యాన్ మోసుకొచ్చి పెట్టాను. హెయిర్ డ్రయ్యర్ తెచ్చి మోకాళ్ల మీద కూర్చుని సందు సందుకీ ఊదాను. రెండైంది. మూడైంది. "దారిలో ఉన్నా సార్" అయింది. ఆరుకి పది నిమిషాలుండగా వచ్చారు. వచ్చీ రాగానే, వద్దండీ అనే లోపల, బకెట్‌డు నీళ్లు తీసి ఆ మూల కడిగేశారు!

"దుమ్ముంటే పట్టదు సార్."

భుజం మీది గుడ్డతో ఒక్క తుడుపు తుడిచారు. ట్యూబులోంచి తమరిని బయటికి నెట్టే గన్ను పట్టారు. నలభై నిమిషాల్లో గది మొత్తం అయిపోయింది. ఆ చెయ్యి మాత్రం చెయ్యే, ఒప్పుకోవాలి. సబ్బునీళ్లలో వేలు ముంచి ఒక్క గీత లాగితే కొత్త నోటు అంచులా వచ్చింది. నా కళ్లు చెదిరాయి. బ్లేడు ఏ సంచిలో ఉందో, సంచిలోంచి అసలు బయటికి వచ్చిందో లేదో చూడాలన్న ఆలోచనే రాలేదు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఎవడో బాత్‌రూమ్ కట్టుకున్నవాడే పుట్టించి ఉంటాడు.

తమరి స్వభావం గురించి నాకు ఇప్పుడు బాగా తెలుసు, సిలికోన్ గారూ. రెండు రాత్రులు దాని మీదే కూర్చున్నాను. తమరు గట్టిపడాలంటే గాలిలో తేమ కావాలి. రంగు ఎండినట్టు ఎండరు తమరు, గాలిలోని తేమని తాగి గట్టిపడతారు. పైపొర పది ఇరవై నిమిషాల్లో కట్టేస్తుంది, లోపలికి రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. గాలిలో తేమ కావాలి, గోడ మీద మాత్రం తేమ చుక్క ఉండకూడదు! తడి గోడకి అంటుకోరు. ఇంత నాజూకు ఉన్న తమరిని, ఇల్లు మొత్తానికీ ఎప్పుడూ తడిగా ఉండే ఒకే ఒక్క గదిలో కాపలా పెట్టారు. ఈ ఏర్పాటు చేసిన బుర్రకి దండం పెట్టాలి.

ఆ బిల్లులో నాలుగో వరస "తేమ వాతావరణం, అదనం". తమరు తాగి గట్టిపడేది మా గాలినే. మేము ఉచితంగా సరఫరా చేశాం. సరఫరా చేసినవాడికే బిల్లు వేశారు. ఎండబెట్టాల్సింది ఆయన, హెయిర్ డ్రయ్యర్‌తో ఎండబెట్టింది నేను. ఆగాల్సింది ఆయన, రెండు నుంచి ఆరు దాకా ఆగింది నేను. ఆయన చేయాల్సిన పని మొత్తం నేను చేసి, చేసినందుకు ఆయనకి కూలిచ్చాను.

లెక్కలకి వచ్చాను కాబట్టి ఇదీ వినండి. ట్యూబు 300 మిల్లీలీటర్లు. ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, ఆరు మిల్లీమీటర్ల లోతు సందయితే ఒక్క ట్యూబు ఎనిమిది మీటర్ల పైచిలుకు వస్తుంది, అంటే సుమారు 27 అడుగులు. మా గదిలో సందులన్నీ కలిపి 26. బిల్లులో మూడు ట్యూబులు! మిగతా రెండూ పక్కింటి నిపుణ సేవకి వెళ్లి ఉంటాయి. ఆ ఇంటి బిల్లులో కూడా మూడే రాసి ఉంటారని నా నమ్మకం. వదిలి వెళ్లిన ఖాళీ ట్యూబు మీద చీమతలకాయంత అక్షరాల్లో "24 గంటలు నీరు తగలనివ్వరాదు" అని ఉంది. భూతద్దం పెట్టి చదివాను. నిపుణులవారు వెళ్తూ వెళ్తూ "రాత్రికి స్నానం చేసెయ్యండి సార్, ఏం కాదు" అన్నారు. చేశాం. ఏదో అయింది.

తమరి మీద నాకు సొంతంగా ఉన్న ఫిర్యాదులు చిన్నవే. చింత చచ్చినా పులుపు చావదంటారు, తమకి పుట్టుకతోనే పులుపు. గట్టిపడే వేళ వదిలే ఆ ఎసిటిక్ ఆమ్లం ఘాటుకి రెండ్రోజులు ఇల్లంతా ఊరగాయ జాడీ అయింది. ఆ పులుపు అద్దం వెనక పూతకి పడదట. పనిలో పనిగా అద్దం చుట్టూ కూడా అదే ట్యూబు లాగించారు నిపుణులవారు, ఇప్పుడు అంచుల్లో నల్లమచ్చలు. గడ్డం గీసుకుంటుంటే నాకే ఏదో జబ్బు చేసినట్టుంది. తమ మీద రంగు నిలవదు, అదీ వేసి చూశాక తెలిసింది. ఇక కిటికీ సంగతి. ఫ్రేము అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, లోపల చేరిన నీళ్లు బయటికి పోవడానికి. నిపుణులవారికి రంధ్రం కనబడితే చెయ్యి ఆగదు కాబోలు, వాటినీ శుభ్రంగా పూడ్చేశారు. ఇప్పుడు కిటికీలో రెండు వేళ్ల లోతు నీళ్లు నిలబడుతున్నాయి. దోమలు సంసారాలు పెట్టుకున్నాయి. ఈ సేవకి విడిగా బిల్లు వేయలేదు, అది వారి పెద్దమనసు.

వారంటీ ఉంది. "జీవితకాలం" అని రాసి ఉంది. ఎవరి జీవితకాలమో రాయలేదు. కింద షరతు ఒకటి: తేమ వల్ల, బూజు వల్ల కలిగిన నష్టానికి వర్తించదు. బాత్‌రూమ్‌లో ఇంకేం వల్ల కలుగుతుంది నాయనా నష్టం? పిడుగు వల్లా?

అసలు బూజు గురించి నేను ఏమీ అనను. తడి దొరికితే ఒకట్రెండు రోజుల్లో మొలకెత్తడం దాని ధర్మం. సబ్బు మడ్డి తిని బతుకుతుంది, బిల్లు వేయదు. తమలో కలిపిన బూజు మందు నీళ్లు పడీ పడీ మెల్లగా కొట్టుకుపోతుందని, ఆ తర్వాత అది తమలోపలికే పాకుతుందని, అప్పుడు బ్లీచింగ్ పోసి పళ్ల బ్రష్షుతో రుద్దినా పైన తెల్లబడుతుందే తప్ప లోపలి మచ్చ పోదని, ఇవన్నీ నాకు తెలుసు. నా పళ్ల బ్రష్షులు నాలుగు ఆ యుద్ధంలో పోయాయి. ఒకటి తెలియక మళ్లీ వాడుకున్నారు, ఎవరో చెప్పను.

కానీ ఆ రెండో వరస. పాతది తొలగించుట.

ఒరే, ఒక్క అడుగు. ఇరవై ఆరు కాదు, ఒక్క అడుగు తొలగించినా నేను నోరు మూసుకునేవాణ్ని. అడుగుకింత అని లెక్కగట్టి, టేపు పెట్టి కొలిచి, నా కళ్ల ముందే కాగితం మీద రాసి, డబ్బు లెక్కపెట్టుకుని, ఆ నల్లటి బురద మీద తెల్లగా పూసి పోయావు. చేయనంటే సరిపోయేది. తొలగించనురా, పైన పూస్తాను, సగం ఇయ్యి అంటే ఇచ్చేవాణ్ని. మధ్యాహ్నం నాలుగు గంటలు మోకాళ్ల మీద కూర్చుని ఎండబెట్టిన గోడ మీద బకెట్ నీళ్లు కొడతావా? దుమ్మా? నీ కళ్లలో కొట్టావురా దుమ్ము, కాదు, నా కళ్లలో కొట్టావు.

క్షమించండి సిలికోన్ గారూ. ఈ ముక్క తమకి రాసింది కాదు. చిరునామా మారింది.

తమరి తప్పు ఏముంది? తమకి కావలసింది పొడి గోడ, ఒక రోజు ఏకాంతం. అది ఇవ్వకుండా అంటుకో అంటే ఎవరు మాత్రం అంటుకుంటారు? మొన్నటి నుంచి నేనే మొదలుపెట్టాను. ఒక బ్లేడు, ఒక ప్లాస్టిక్ గరిటె, స్పిరిట్ సీసా. మీ మూడు తరాలనీ గీకి తీశాను. ఒక్కో అడుగుకీ అరగంట పట్టింది. తాతగారు చివరి దాకా వదల్లేదు. ఆయన్ని పెట్టినవాడెవడో పాతకాలపు మనిషి, పద్ధతిగా పెట్టాడు. చివరి ముక్క ఊడదీసేటప్పుడు కాస్త బాధేసింది కూడా. నడుం పట్టేసింది. పదో అడుగు దగ్గర నాకు ఒక సంగతి అర్థమైంది, ఈ పనికి వారు వేసిన రేటు ఎక్కువేం కాదు. ఆ రేటుకి నేనైతే చేయను.

ఇప్పుడు సందులన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఫ్యాన్ తిరుగుతోంది. ఇంట్లోవాళ్లంతా మిగిలిన ఆ రెండో బాత్‌రూమ్ ముందు తువ్వాళ్లు భుజాన వేసుకుని వరసలో నిలబడి నా వైపు చూసే చూపులు రాయదగ్గవి కావు. నేను గుమ్మం దగ్గర పీట వేసుకుని, ఒళ్లో మీటరు పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీటరు 84 నుంచి 71కి దిగింది. పులుపు వాసన లేని రకం ట్యూబు ఒకటి తెచ్చి పక్కన పెట్టుకున్నాను. ఒక్కటే. రేపు పొద్దున నింపుతాను. గీత వంకరగా వస్తుంది, నా చెయ్యి నాకు తెలుసు.

ఇట్లు,
తమరి మూడు తరాల పోషకుడు.

తా.క.: ఇప్పుడే నిపుణులవారు ఫోన్ చేశారు. ఫిర్యాదు అందిందట. రేపు మధ్యాహ్నం రెండింటికల్లా వచ్చి చూస్తారట. విజిట్ ఛార్జీ మామూలే. ఈలోపు బాత్‌రూమ్ పొడిగా ఉంచమన్నారు.